చెయ్యి తగిలిందా?

మా అమ్మమ్మ పౌడరు రాసుకోకుండా గుమ్మం దాటదు. ఇది చాడీ కాదు, చరిత్ర. ఇల్లంటుకున్నా సరే, ముందు పౌడరు డబ్బా అందుకుని, అద్దం ముందు నిలబడి, ముక్కు మీద ఒకటి, బుగ్గల మీద రెండు అద్దుకుని, ఆ తర్వాతే మంటలు ఎటువైపు నుంచి వస్తున్నాయో కనుక్కుంటుంది.

ఇంతా చేసి ఆమె వెళ్ళేది పెళ్ళికి కాదు, ఉద్యోగానికి. అక్కడ ఆమె మొహం చూసే నాథుడు లేడు. అందరూ కంప్యూటర్ తెరల్లోకే చూస్తారు. ఆమె పని చేసేది నాలుగు పక్కలా సీసం పలకలు కప్పిన ఒక గదిలో, ఉలుకూ పలుకూ లేని వస్తువులతో. మా తాతయ్య ఇరవయ్యేడేళ్ళుగా అడిగే ప్రశ్న ఒక్కటే.

"ఎవరి కోసమే ఈ సింగారం? ఆ కిరణాల కోసమా? అవి కంటికి కనపడవని నువ్వే అంటావుగా. వాటికి నువ్వూ కనపడవు."

"మీకు కనపడుతున్నానుగా, చాల్లెండి," అంటుంది అమ్మమ్మ, కళ్ళజోడు పైకి తోసుకుంటూ.

ఆ కళ్ళజోడు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. జారడం దాని వృత్తి. నిమిషానికోసారి చూపుడువేలితో దాన్ని ముక్కు మీదుగా పైకి నెట్టడం అమ్మమ్మ వృత్తి. నెడుతున్నట్టు ఆమెకు తెలియదు. నువ్వు నెడుతున్నావని చెబితే, నెడుతూనే "నేనెప్పుడు నెట్టానే?" అంటుంది.

ఆమె పని చేసే చోటు సింక్రోట్రాన్. ఊరి చివర, ఎవరో చేతి గాజు తీసి నేల మీద పెట్టి మరిచిపోయినట్టుండే పెద్ద గుండ్రటి భవనం. దాని లోపలి గొట్టంలో ఎలక్ట్రాన్లు దాదాపు వెలుతురంత వేగంగా గిరగిరా తిరుగుతుంటాయి. ఎక్కడికీ వెళ్ళకుండా ఊరికే తిరిగేవాళ్ళని మా ఇంట్లో పనిలేనివాళ్ళంటారు. అక్కడ వాటిని కరెంటు ఖర్చుపెట్టి మరీ తిప్పుతారు. "తడిసిన గొడుగు గిర్రున తిప్పితే అంచుల్లోంచి చుక్కలు ఎగురుతాయి చూడు, అలా అవి మలుపు తిరిగిన చోటల్లా వెలుగు చిమ్ముతాయి," అని అమ్మమ్మ నాకు చిన్నప్పుడే చెప్పింది. అర్థం చేసుకోవడానికి నేను మా గొడుగు తిప్పాను. తాతయ్య తడిశాడు. సైన్సులో నా మొదటి ప్రయోగం అదే, ఆఖరిదీ అదే.

ఆ వెలుగులోంచి ఎక్స్‌రే కిరణాలను ఏరి, గొట్టాల్లోంచి చుట్టూ ఉన్న గదులకు పంపుతారు. ఒక్కో గొట్టం, దాని చివరి గది కలిపి ఒక బీమ్‌లైన్. వీధిలో ఇళ్ళలాగా వరసగా ఉంటాయి, ఇరుగుపొరుగు గొడవలతో సహా. ఎడమ పక్కవాళ్ళు ప్రోటీన్ స్ఫటికాలను గడ్డకట్టించి, లోపల అణువులు ఏ వరసలో కూర్చున్నాయో చూస్తారు. కుడి పక్కవాళ్ళు బ్యాటరీ పని చేస్తుండగానే దాని కడుపులోకి తొంగిచూస్తారు. అమ్మమ్మ వాళ్ళది మాత్రం, ఆమె మాటల్లోనే చెప్పాలంటే, గిల్లే బీమ్‌లైన్.

"ఏ వస్తువు మీదైనా ఆ కిరణాన్ని వేశావనుకో, దాన్ని గిల్లినట్టు. ఇనుము ఉంటే ఇనుములా అరుస్తుంది, జింకు ఉంటే జింకులా అరుస్తుంది. ఒకదాని గొంతు ఇంకోదానికి రాదు. మనుషుల్లా కాదు, అబద్ధం చెప్పవు."

ఆ అరుపులు కంప్యూటర్ మీద కొండ శిఖరాల్లా కనపడతాయి. ఆ బీమ్‌లైన్ పెద్దాయనకు శిఖరాలంటే పిచ్చి, అందుకే మా ఇంట్లో ఆయన పేరు శిఖరం సారు. మనిషి మంచివాడే. శిఖరం కనపడిందంటే మాత్రం ముందూ వెనకా చూడకుండా ఎక్కేస్తాడు. ఒకసారి ఒక పాత ఎముకలో రాగి దొరికిందని ఊరంతా చెప్పుకున్నాడు. ఆ రాగి ఎముకను పట్టి ఉంచిన క్లిప్పుదని తేలింది. క్లిప్పు పెట్టింది ఆయనే.

అమ్మమ్మ చదువు ఎనిమిది. నాది తొమ్మిది, అది కూడా ఇష్టంకొద్దీ రెండుసార్లు చదివాను. అంటే మా ఇంట్లో చదువులో నేనే ముందు. ఆమె చిన్నప్పుడు వాళ్ళ నాన్న గడియారాలు బాగుచేసే కొట్లో కూర్చునేది. పెళ్ళయ్యాక ఈ గుండ్రటి భవనంలో నేల తుడిచే పనికి చేరింది. ఒకరోజు ఎవరో శాస్త్రవేత్త ఆవగింజలో సగమంత స్ఫటికాన్ని నేల మీద పారేసుకుని, మోకాళ్ళ మీద పాకుతూ ఏడుపు మొహం పెట్టాడట. ఈవిడ చీపురు పక్కన పెట్టి, ఆయన చేతిలో పట్టకారు లాక్కుని, స్ఫటికాన్ని ఒక్క పట్టున తీసి ఇచ్చింది. ఆ చెయ్యి చూసి చీపురు మాన్పించి, వస్తువులను కిరణం ముందు అమర్చే పని నేర్పించారు. శాస్త్రవేత్తలు తెచ్చేది ఏదైనా, నాణెమో, ఆకో, వెంట్రుకో, దాన్ని నమూనా అంటారు. దాన్ని చట్రంలో వంకర లేకుండా బిగించి పెట్టడం అమ్మమ్మ పని.

కిరణం వదిలే ముందు సీసం గదిలో మనిషన్నవాడు మిగలకూడదు. అందుకని లోపల మూలమూలా తిరిగి, గోడల మీది మీటలు వరసగా నొక్కి, "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి తలుపు మూయాలి. ఆ రోగం ఇంటికీ తెచ్చుకుంది. ఊరికి బయల్దేరినప్పుడల్లా గదిగదికీ వెళ్ళి కేకలు. మేం నవ్వుతాం గానీ, ఒకసారి ఆ వెతుకులాటలోనే స్నానాలగదిలో తాతయ్య దొరికాడు. లేకపోతే ఆయన్ని లోపలే పెట్టి నాలుగు రోజులకు తాళం వేసుండేవాళ్ళం.

బీమ్‌లైన్‌లో ఒక రిజిస్టరు ఉంటుంది. నమూనా పేరు, పెట్టినవారు, తేదీ, వేళ. ఈ నాలుగు గళ్ళూ శిఖరం సారు వాళ్ళు గీయించినవి. ఐదో గడి అమ్మమ్మ స్కేలు పెట్టి సొంతంగా గీసుకుంది. దాని నెత్తిన రాసింది: "చెయ్యి తగిలిందా?"

మన వేలి మీది చెమట, ఉప్పు, రాసుకున్న మందు, అన్నీ ఆ కిరణాలకు దొరికిపోతాయట. ఒట్టి చేత్తో ముట్టుకున్న గాజుముక్కను గిల్లితే అది మన మధ్యాహ్నం భోజనంతో సహా అరుస్తుందట. కాబట్టి ఎంత పెద్ద డిగ్రీలవాడు వచ్చినా, తలుపు దగ్గర అమ్మమ్మ ముందు ఒక్క క్షణం దొంగలా నిలబడాల్సిందే. దూరదేశం నుంచి ఒకాయన ఎముక ముక్క తెచ్చి, ప్యాంటు జేబులోంచి తీసి, ఒట్టి చేత్తో బల్ల మీద పెట్టాడట.

"చెయ్యి తగిలిందా?"

"కొంచెం..."

"సరే. ఇప్పుడు మనం చూడాల్సింది ఎముకనా, మీ జేబునా?"

ఇరవయ్యేడేళ్ళు, పదకొండు రిజిస్టర్లు. అమ్మమ్మ పెట్టిన ప్రతి నమూనా ఎదురుగా ఐదో గడిలో ఒక్కటే మాట: లేదు. లేదు. లేదు. పేజీలకు పేజీలు. పదవీ విరమణకు ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి. ఆ రిజిస్టర్ల మీద ఒక్క మరక లేకుండా దిగిపోవాలన్నది ఆమె కోరిక. ఇంట్లో ఈ కోరికను మేం రోజుకు నాలుగుసార్లు వినేవాళ్ళం, భోజనానికి ముందు రెండు, తర్వాత రెండు.

అప్పుడొచ్చింది ఆ పటం.

ఒక చిన్న మ్యూజియాన్ని చూసుకునే ఆయన దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, ఒళ్ళో పసిపిల్లలా పట్టుకుని తెచ్చాడు. మూడువందల ఏళ్ళ కిందట చేత్తో గీసిన నది పటం. నది మీద ఐదు పడవలు, వాటికి తెల్లటి తెరచాపలు. ఎవరో పెద్ద మ్యూజియం వాళ్ళు అది నకిలీదని గొణిగారట. ఆ మాట తేల్చుకోవడానికి ఈ పటం ఆయనకు గిల్లే గదిలో మూడు రోజులు ఇచ్చారు. శుక్రవారం నుంచి ఆదివారం సాయంత్రం ఐదు దాకా. ఆ తర్వాత నెల రోజులు యంత్రం మరమ్మతులకు ఆగుతుంది, పటం పెట్టెలోకి వెళ్ళిపోతుంది.

అమ్మమ్మ కొత్త గ్లవ్స్ తొడుక్కుని పటాన్ని చట్రంలో పెట్టింది. మొదటి పడవ తెరచాప దగ్గర కాగితం కాస్త లేచి ఉంటే, పటం ఆయన సరేనన్నాక, వేలి కొసతో మెల్లగా అద్ది సర్దింది. రిజిస్టరులో లేదు అని రాసింది. శనివారం పొద్దుటికి తెర మీద మొదటి తెరచాప ధగధగలాడుతోంది. టైటానియం.

మూడువందల ఏళ్ళ కిందట తెల్లరంగును సీసంతో చేసేవారట. టైటానియం తెలుపు వచ్చి వందేళ్ళ పైచిలుకే. శిఖరం సారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ రుద్దుకున్నాడు.

"దొరికాడు దొంగ! తెరచాప ఈమధ్య ఎవడో వేసిన రంగు. పటం మొత్తం నకిలీ."

ఆ రోజంతా ఆయన అదే తెరచాపను ఇంకా దగ్గరగా, ఇంకా సన్నగా, పదకొండుసార్లు చూశాడు. మిగతా నాలుగు పడవలూ ఒకసారి చూడొచ్చు కదా అని మీరు అడగొచ్చు. తొమ్మిది చదివిన నాకే తట్టింది. ఆయన అంతకంటే చాలా ఎక్కువ చదివాడు, అందుకే తట్టలేదు.

పటం ఆయన మాత్రం చిన్న గొంతుతో అడిగాడట. "బయటినుంచి ఏదైనా అంటుకుని ఉండొచ్చా సార్?"

"ఈవిడ పెట్టిన నమూనాకా?" సారు రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పెట్టాడు. "చూడండి. ఇరవయ్యేడేళ్ళలో ఒక్క 'తగిలింది' లేదు. ఈ భవనం మొత్తంలో ఇంత శుభ్రమైన చెయ్యి ఇంకోటి లేదు. కాబట్టి ఆ టైటానియం పటంలోదే. ఏమ్మా, చెయ్యి తగిలిందా?"

జీవితంలో మొదటిసారి ఆ ప్రశ్న ఆమెనే ఎవరో అడిగారు. అమ్మమ్మ నిటారుగా నిలబడి, కళ్ళజోడు పైకి తోసుకుని, "నా చెయ్యి తగల్లేదు," అంది.

పటం ఆయన తల ఊపాడు. "సరేనమ్మా. మా బడిపిల్లలు దాని ముందు నిలబడి మన నది ఇటు పారేదా అని అడిగేవాళ్ళు. రేపటినుంచి గోడ మీద మేకు చూపించాలి," అన్నాడు.

ఈ మాట అమ్మమ్మ ఇంటికొచ్చి మాకు చెప్పింది. చెప్పి, ఆ పూట తన రిజిస్టర్ల గొప్ప ఒక్కసారి కూడా చెప్పుకోలేదు. తాతయ్య భయపడి ఒళ్ళు వెచ్చగా ఉందేమోనని చెయ్యి పట్టుకు చూశాడు.

ఆదివారం పొద్దున ఆమె వంటింట్లో రొట్టెలకు పిండి కలుపుతోంది. నేను ఎదురుగా కూర్చుని, సాయం చేస్తున్నట్టు కనపడే పని చేస్తున్నాను. కళ్ళజోడు జారింది. ఆమె తోసింది. మళ్ళీ జారింది. మళ్ళీ తోసింది. ముక్కు మీద తెల్లటి గుండ్రటి చుక్క.

"ఏంటి అమ్మమ్మా, ఇవాళ పౌడరు ఒక్క చుక్కతో సరిపెట్టావు?"

"ఇంకా మొహమే కడుక్కోలేదు, పౌడరెక్కడిదే?"

"మరి ముక్కు మీద అదేంటి? నిమిషానికోసారి వేలితో రాసుకుంటూనే ఉన్నావుగా."

"నేనెప్పుడు..." అంటూ మళ్ళీ తోసింది. ఈసారి వేలు ముక్కు మీదే ఆగిపోయింది.

స్టీలు పళ్ళెం ఎత్తి అందులో మొహం చూసుకుంది. తర్వాత వేలు చూసుకుంది. మళ్ళీ మొహం. వేలినించి ముక్కుకి వచ్చేది ముక్కునించి వేలికీ పోతుంది కదా, వేలికి గ్లవ్స్ ఉన్నా సరే. ఆ లెక్క ఆమె మొహంలో తేలుతుంటే చూడటానికి నాకు నవ్వు రాలేదు. అంటే, మొదట వచ్చింది, మధ్యలో ఆగిపోయింది.

"పిల్లా, పౌడరు డబ్బా తీసుకురా. అడుగున ఏం రాసుందో చదువు."

అక్షరాలు చీమకాళ్ళంత ఉన్నాయి. కూడబలుక్కుని చదివాను. "టాల్కు... జింకు ఆక్సైడు... టైటానియం డయాక్సైడు..."

అమ్మమ్మ పిండి చేతులతోనే పీట మీద కూలబడింది. గుమ్మంలోంచి తాతయ్య అందుకున్నాడు.

"ఊళ్ళో వస్తువులన్నిట్లో ఏముందో చెబుతుంది. మొహాన రాసుకునే డబ్బాలో ఏముందో ఇవాళ చదివించుకుంది."

ఆమె ఆయన్ని తిట్టలేదు. దాంతో విషయం ఎంత పెద్దదో తాతయ్యకూ అర్థమై నోరు మూసుకున్నాడు. అది కూడా చరిత్రే.

"నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలీదు అమ్మమ్మా," అన్నాను. నా బుద్ధి అంతవరకే పోతుంది. "ఇంకో పదిహేడు రోజులు. దండేసి పంపిస్తారు. ఆ రిజిస్టరు సంగతి ఎవడు చూడొచ్చాడు?"

"నిజమేనే." ఆమె వేలి మీది పిండి బొటనవేలితో రాలుస్తూ కూర్చుంది. "నా రిజిస్టరు శుభ్రంగా ఉంటుంది. ఆయన గోడ మీద మేకు శుభ్రంగా ఉంటుంది." చేతులు దులుపుకుని లేచి, "స్కూటరు తియ్యి," అంది.

నేను స్కూటరు తీసేసరికి ఆమె అద్దం ముందుంది. చేతిలో అదే డబ్బా.

"ఇవాళ కూడానా!"

"ఇవాళే కావాలి," అంది, ముక్కు మీద మామూలుగా కంటే రెండు ఎక్కువ అద్దుకుంటూ.

గేటు దగ్గర నా మెడలో సందర్శకుల కార్డు వేశారు. నాకు అమ్మమ్మ చివరి హెచ్చరిక: "లోపల దేన్నీ ముట్టుకోకు." ఆ మాట అన్నాక ఆమెకే ఎలాగో అనిపించినట్టుంది, తల పక్కకి తిప్పుకుంది.

శిఖరం సారు రిపోర్టు రాస్తున్నాడు. పటం ఆయన వసారాలో ఖాళీ పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మమ్మ ఇద్దర్నీ పిలిచి, డబ్బా బల్ల మీద పెట్టి, కళ్ళజోడు సంగతీ ముక్కు సంగతీ ఒక్క గుక్కలో చెప్పేసింది. సారు నవ్వాడు, చిన్నపిల్లను బుజ్జగించినట్టు.

"ఆయన బాధ చూడలేక మీ మీద వేసుకుంటున్నారమ్మా. మీ చెయ్యి మీద నాకు నమ్మకం ఉంది."

"ఆ నమ్మకం వల్లే ఆయన పటం పోతోంది సారూ. నమ్మడం ఆపి గిల్లి చూడండి."

"మరి రిజిస్టరులో 'లేదు' అని రాశారే?"

"రాశాను. నాకు తెలిసినంతే రాశాను."

రెండు కొత్త వడపోత కాగితాలు తీసింది. కొత్త గ్లవ్స్ తొడుక్కుంది. ఒక కాగితాన్ని ముట్టకుండా పట్టకారుతో చట్రంలో పెట్టింది. రెండోదానికి ముందు మా అందరి ఎదుటా వేలితో కళ్ళజోడు పైకి తోసుకుంది. ఇరవయ్యేడేళ్ళలో తెలిసి తోసుకోవడం అదే మొదలు, అందుకేనేమో కొంచెం వంకరగా తోసింది. ఆ వేలిని కాగితం మీద అద్దింది. రెండూ లోపల పెట్టి, మూలమూలా తిరిగి మీటలు నొక్కి, "ఎవరైనా ఉన్నారా?" అని కేకేసి తలుపు మూసింది. అప్పుడు రిజిస్టరు ముందుకు లాక్కుంది.

నమూనా పేరు: నా ముక్కు.

పెట్టినవారు: నేనే.

తేదీ వేసింది. వేళ వేసింది. ఐదో గడి దగ్గర పెన్ను ఆగింది. తనే స్కేలు పెట్టి గీసుకున్న గడి, వేలెడు వెడల్పు లేదు. నేను నవ్వుదామని చాలా ప్రయత్నించాను, కుదరలేదు. ఆమె పటం ఉన్న వరస వెతికి, అక్కడి "లేదు" మీద నిలువుగా కాదు, అడ్డంగా, అది ఇంకా చదవగలిగేటట్టు ఒక్క గీత గీసింది. పక్కన "తగిలింది" అని రాసి సంతకం పెట్టింది. కింద ముక్కు వరసలోనూ "తగిలింది" అని రాసింది. పైన పదకొండు రిజిస్టర్ల లేదులు, కింద రెండు తగిలిందిలు.

అరగంటలో తెర మీద కాగితాలు రెండూ వచ్చాయి. ముట్టనిది నోరు మెదపలేదు. ముట్టుకున్నదాని మీద వేలికొసంత టైటానియం, పక్కన జింకు. సారు పటం శిఖరాలను దాని పక్కన పెట్టాడు. అక్కడా టైటానియం, పక్కన జింకు, అదే పాళ్ళు. ఆయన పదకొండుసార్లు, రోజురోజంతా, అంత శ్రద్ధగా పరిశోధించింది మా అమ్మమ్మ ముక్కుని.

"మిగతా నాలుగు తెరచాపలూ..." అన్నాడు పటం ఆయన.

"అదే చెప్పబోతున్నాను," అన్నాడు సారు. చెప్పబోలేదు, నేను చూశాను.

సాయంత్రం ఐదులోపు నాలుగూ చూశారు. సీసం, సీసం, సీసం, సీసం. టైటానియం జాడే లేదు. పటం ఆయన మెత్తటి బ్రష్షుతో మొదటి తెరచాపను ఊపిరి బిగబట్టి నాలుగుసార్లు తుడిచాడు. మళ్ళీ గిల్లితే టైటానియం గొంతు పడిపోయింది, కింద సీసం వినపడింది. ఆయన పటాన్ని పెట్టెలో పడుకోబెట్టి, మూత వేసి, అమ్మమ్మ ముందు నిలబడ్డాడు. ఏదో పెద్ద మాట అనబోయి, "మేకు ఇక కనపడదు లెండమ్మా," అన్నాడు.

శిఖరం సారు రిపోర్టు చింపేసి కొత్తది మొదలుపెట్టాడు. "మీ రిజిస్టరు పాడైందమ్మా," అన్నాడు పాపం, నిజంగానే బాధగా.

"ఇప్పుడు సరయ్యింది," అంది అమ్మమ్మ. రిజిస్టరు మూసి అలమరలో పెట్టింది.

ఇంటికి వచ్చేసరికి తాతయ్య గుమ్మంలోనే ఉన్నాడు. రొట్టెలు ఆయనే కాల్చినట్టున్నాడు, వీధంతా మాడువాసన. అమ్మమ్మ చెప్పులు విప్పుతూ జరిగిందంతా చెప్పింది. "ఇరవయ్యేడేళ్ళ లేదుల కింద తగిలిందని రాసొచ్చానండీ," అని ముగించింది.

తాతయ్య ఆమె మొహం వంక తేరిపార చూశాడు.

"అయితే ఇన్నేళ్ళు సింగారించుకుని వెళ్ళినందుకు, చివరికి ఆ వెలుగు నీ మొహం చూసిందన్నమాట."

"చూసి అరిచింది కూడా," అన్నాను నేను.

అమ్మమ్మ నా నెత్తిన ఠక్కున ఒక మొట్టికాయ వేసింది. మొట్టిన చేత్తోనే కళ్ళజోడు పైకి తోసుకుని, మాడిన రొట్టెలను చూడటానికి లోపలికి వెళ్ళింది.